ప్రాచీన చైనాలో వ్యాపారి నిజంగా అట్టడుగునే ఉన్నాడా?

పాతనాణెం:
పోటీ పరీక్షల గైడ్లలో చైనా సమాజం గురించి ఒకటే పట్టిక కనిపిస్తుంది. షి (పండితులు, అధికారులు), నోంగ్ (రైతులు), గోంగ్ (చేతిపనివాళ్లు), షాంగ్ (వ్యాపారులు). వ్యాపారి చివర. కానీ చిన్ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన లూ బువెయ్ వ్యాపారే కదా? పొరుగు రాజ్యంలో బందీగా ఉన్న రాకుమారుడి మీద డబ్బు పెట్టి, అతను రాజయ్యాక ఏకంగా మంత్రి పదవి కొట్టాడు. ఈ పట్టిక పండితులు తమకోసం రాసుకున్నదని నా అనుమానం. ఏమంటారు?

గోదారిగట్టు:
ఒక్క లూ బువెయ్‌ని చూపించి పట్టిక మొత్తం కొట్టేస్తే ఎలాగండీ? చట్టాలు చూడండి. హాన్ వంశం స్థాపించిన లియూ బాంగ్ వ్యాపారులు పట్టుబట్టలు కట్టకూడదన్నాడు, బండి ఎక్కకూడదన్నాడు, పన్నులూ పెంచాడు. తర్వాత కొంత సడలించినా అంగడివాళ్ల కొడుకులకు, మనవలకు ప్రభుత్వోద్యోగం ఇవ్వలేదు.

అంతకంటే ఘోరం క్రీ.పూ. 97లో జరిగింది. అదే హాన్ వంశపు వూ చక్రవర్తి యుద్ధానికి ఏడు రకాల మనుషుల్ని బలవంతంగా తోలాడు. తర్వాతి వ్యాఖ్యాత ఒకాయన ఆ జాబితా ఇచ్చాడు: తప్పు చేసిన అధికారులు, పారిపోయినవాళ్లు, ఇల్లరికపు అల్లుళ్లు, వ్యాపారులు, ఒకప్పుడు అంగడి రిజిస్టర్‌లో (సర్కారు రాసుకునే వ్యాపారుల చిట్టా) పేరున్నవాళ్లు, అందులో తల్లిదండ్రుల పేరున్నవాళ్లు, తాతల పేరున్నవాళ్లు. ఏడింటిలో నాలుగు వ్యాపారానివే! తాత కొట్టు పెట్టిన పాపానికి మనవడు సరిహద్దుకి.

చలిమంట:
ఇల్లరికపు అల్లుడు కూడానా 😄 మా బావకి ఇది చూపించాలి.

తాటాకు:
గోదారిగట్టు గారూ, చట్టం సంగతి సరే. దాన్ని అమలు చేసిన కాలంలోనే ఒక అధికారి ఏం రాశాడో కూడా చూడాలి. ఛావ్ ట్సువో అనే ఆయన, వూకి ముందు పాలించిన వెన్ చక్రవర్తికి ఇచ్చిన విన్నపంలో ఒక లెక్క ఉంది. ఐదుగురున్న రైతు ఇల్లు. ఇద్దరికి తక్కువ కాకుండా సర్కారు వెట్టికి పోవాలి. సాగు చేసేది వంద ‘మూ’లకు (మూ అంటే చైనా పొలం కొలత) మించదు. పన్ను అడిగేది వేళాపాళా లేకుండా. చేతిలో గింజలుంటే సగం ధరకి తెగనమ్మాలి, లేకపోతే రెండింతల వడ్డీకి అప్పు తేవాలి. చివరికి పొలం, ఇల్లు, పిల్లల్ని కూడా అమ్ముకునేవాళ్లు. ఆ గింజలు కొన్నదీ అప్పిచ్చిందీ ఎవరనుకున్నారు?

ఆయన తేల్చింది ఇది: చట్టం వ్యాపారిని కించపరుస్తోంది, వ్యాపారి మాత్రం ధనవంతుడై గౌరవం పొందుతున్నాడు. చట్టం రైతుని గొప్పవాడంటోంది, రైతు మాత్రం పేదవాడై చిన్నచూపుకి గురవుతున్నాడు. పట్టికలో రెండో స్థానం రైతుకి అన్నం పెట్టలేదు.

చలిమంట:
ఇది మన వర్ణాల్లాంటిదేనా మరి? చాలామంది అలాగే చెబుతారు.

తాటాకు:
నాకలా అనిపించదు. ఆ వరసే ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట లేదు. గులియాంగ్ వ్యాఖ్యానం అనే పాత చైనా గ్రంథంలో పండితుడి తర్వాత వ్యాపారి వస్తాడు, ఆ తర్వాతే రైతు, చేతిపనివాడు. పైగా లియూ బాంగే మామూలు రైతు కుటుంబంవాడు, చక్రవర్తి అయ్యాడు. పుట్టుకతో ఏ సంబంధమూ లేదనను, తాతల రిజిస్టర్ సంగతి పైన చూశాం కదా. కానీ ఇది ఎక్కువగా పన్నుల చిట్టా, సైన్యం చిట్టా.

పాతనాణెం:
ఒప్పుకుంటున్నా, నా మొదటి పోస్టులో తొందరపడ్డాను. చట్టం ఉత్తుత్తిది కాదు. అయితే సాంగ్ హోంగ్‌యాంగ్‌ని ఎక్కడ పెడతారు? లోయాంగ్ వ్యాపారి కొడుకు, పదమూడేళ్లకే రాజభవనంలో కొలువు. ఉప్పు, ఇనుము వ్యాపారం సర్కారు చేతిలో పెట్టి నడిపించిన పెద్దల్లో ఆయనొకడు. ఆ రోజుల్లోనే ఆస్తి దాచిన వ్యాపారి మీద చాడీ చెప్పినవాడికి జప్తు చేసినదాంట్లో సగం ఇచ్చేవారు. వ్యాపారి కొడుకు కూర్చున్న కొలువే వ్యాపారుల ఇళ్లు గుల్ల చేసింది!

గోదారిగట్టు:
అంటే ఖజానాకి అక్కరకొస్తే నిషేధం పక్కకి పోయేది. ఇది నా వాదనకే బలం, చిన్న కొట్టువాడికి ఆ వెసులుబాటు ఎవరిస్తారు?

సరే, ఇంకో మాట. మనమంతా నలుగురిలో ఎవరు కింద అని కొట్టుకుంటున్నాం. సిచువాన్‌లో ఇనుము కరిగించి కోటీశ్వరులైన జువో కుటుంబానికి వెయ్యి మంది దాకా బానిసలున్నారని హాన్ కాలపు చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. ఆ వెయ్యి మంది నాలుగు గళ్లలో ఎక్కడున్నారు?

తాటాకు:
ఎక్కడా లేరు. ఛావ్ ట్సువో చెప్పిన ఆ అమ్ముడుపోయిన పిల్లలు చేరిందీ అలాంటి ఇళ్లకే అయ్యుంటుంది.

పాతనాణెం:
అయితే శీర్షిక మార్చాల్సింది నేనే. బానిసల మీద రేపు వేరే చర్చ మొదలుపెడతా.

చలిమంట:
పెట్టండి. బావకి పంపాను, ఇంకా రిప్లై లేదు.