అప్‌డేట్: అపలాచియన్ ట్రెయిల్‌లో అక్కతో వేగం కుదరని సమస్య తీరింది

అమెరికాలోని ఈ పొడవాటి కొండదారిలో, జార్జియాలోని స్ప్రింగర్ మౌంటెన్ నుంచి అక్కతో నడుస్తున్నాను, ఇద్దరి వేగం కుదరక రోజూ గొడవే, ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఇదే: పగలు ఎవరి నడక వాళ్లది, రాత్రికి ఏ షెల్టర్‌లో (దారి పక్కన తలదాచుకునే చిన్న వసతి) ఆగాలో పొద్దున్నే అనుకోవడం. చెట్ల మీద తెల్ల గుర్తులుంటాయి కాబట్టి దారి గురించి టెన్షన్ లేదు. మధ్యలో వచ్చే షెల్టర్‌లో నడిచేవాళ్లు రాయడానికి ఉంచే నోట్‌బుక్‌లో ముందు వెళ్లినవాళ్లు టైమ్ రాయాలి. ‘నీళ్లు ఇక్కడే నింపుకో, పైన లేవు’ అన్న అక్క రాత కనబడితే ప్రాణం లేచొచ్చేది. సాయంత్రం ఒకే స్టవ్, ఒకే గిన్నె, అన్నంలో కందిపొడి.

బ్యాగు బరువు తగ్గించినా వేగాల్లో తేడా పోలేదు, భుజాలకు మాత్రం సుఖం. ఈ పద్ధతిలోనే వర్జీనియా దాకా వచ్చేశాం.