మందుగుండు: మందూ గుండూనా, మందు గల గుండా?

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. విజయవాడ సత్యనారాయణపురం నుంచి రాస్తున్నాను. ‘మందుగుండు’ అనే మాటను ఎలా విడదీయాలన్న విషయంలో మా ఇంట్లో ఒక తగవు వచ్చింది. దానికి మూలం మా నాన్నగారు రాసుకున్న ఒక నోటుపుస్తకం.

నాన్నగారు ఆటోనగర్‌లో లేత్ మిషను మీద ముప్పై ఏళ్లకు పైగా పనిచేశారు. నిరుడు టెక్సాస్‌లో ఉన్న మా అన్నయ్య దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చారు. అన్నయ్యకు గురి చూసి కాల్చే పోటీలంటే ఇష్టం. కాల్చిన తూటాల ఇత్తడి గుల్లలను పారేయకుండా మళ్లీ నింపుకోవడానికి అతడు ఒక పాత ప్రెస్సు కొని గరాజులో బల్లకు బిగించుకున్నాడు. ఒక్కొక్క గుల్లను ఒక్కొక్క పనికి విడివిడిగా ఎక్కించి దించే రకం కాదది, నాలుగు పనులు వరసన సాగే రకం. గుండ్రటి ప్లేటులో నాలుగు గుల్లలు నిలబడి ఉంటాయి. పిడిని ఒకసారి కిందికి లాగితే ఒకటో చోట పేలిపోయిన బిళ్ల (గుల్ల అడుగున ఉండి మొదట నిప్పు రాజేసేది) ఊడి గుల్ల సరైన కొలతకు వస్తుంది, రెండో చోట మందు పడుతుంది, మూడో చోట గుండు దిగుతుంది, నాలుగో చోట గుల్ల మూతి గుండును కరిచి పట్టుకుంటుంది. పిడిని వెనక్కు నెడితే ఒకటో చోట కొత్త బిళ్ల ఎక్కుతుంది, ఆ తరువాత ప్లేటును చేత్తో ఒక గడి తిప్పాలి. ప్లేటు నిండిన తరువాత పిడి లాగిన ప్రతిసారీ ఒక తూటా పూర్తవుతుంది. ఇదంతా అక్కడి సంగతి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయరాదు. ప్రెస్సు అక్కడే ఉంది, ఇక్కడికి వచ్చింది నోటుపుస్తకమే.

ఆ ప్రెస్సు ప్లేటు గడి మారేటప్పుడు మధ్యలో పట్టేసేదట. నాన్నగారు దాన్ని విప్పి చూస్తే, పాత గ్రీజు పేలిన బిళ్లల మసితో కలిసి నల్లటి జిగురుముద్దలా గడ్డకట్టి ఉంది. ప్లేటును గడిలో నిలిపే ఉక్కు గోళీ తన గుంటలోనే కూరుకుపోయి, కింద ఉన్న స్ప్రింగు దాన్ని పైకి నెట్టలేకపోతోంది. అన్నిటినీ తుడిచి, పలచగా గ్రీజు రాసి, తిరిగి బిగించి ఆయన ఇలా రాసుకున్నారు: “నడిమి బోల్టు ఎక్కువ బిగిస్తే ప్లేటు తిరగదు, వదిలేస్తే ఆడుతుంది, ప్లేటు ఆడితే బిళ్ల సమంగా కూర్చోదు.” యంత్రభాగం వదులుగా కదలడాన్ని ‘ఆడటం’ అన్న ఈ ఒక్క మాట కోసమైనా ఆ నోటుపుస్తకాన్ని దాచుకోవచ్చునని నాకు అనిపించింది. ఇంగ్లీషు కరపత్రం ఏదీ చూడకుండా, చేతిలో పని చెప్పినట్టల్లా ఆయన పేర్లు పెట్టుకుంటూ పోయారు. లోపల ఖాళీగా ఉన్న ఇత్తడి గొట్టం ‘గుల్ల’. అడుగున కూర్చుని మొదట నిప్పు రాజేసేది ‘బిళ్ల’, దీపావళికి పిల్లలు ఆటతుపాకిలో పెట్టుకునే బిళ్లలను తలచుకుని పెట్టిన పేరది. ఎగిరిపోయేది ‘గుండు’. ఇవన్నీ కలిసి సిద్ధమైన వస్తువు ‘తూటా’. మన పత్రికలు “తూటా శరీరంలోంచి దూసుకుపోయింది” అని తరచు రాస్తాయి. శరీరంలోకి పోయేది గుండే తప్ప తూటా కాదు, గుల్ల తుపాకి దగ్గరే మిగిలిపోతుంది. ఈ భేదాన్ని పాటించడానికి మనకు మాటలు లేకపోలేదు, ఉన్నవాటిని కలిపేసుకుంటున్నాము, అంతే.

ఆయన పెట్టిన పేర్లలో ఒక్కదానితో మాత్రం నేను ఏకీభవించలేకపోయాను. మందును తూచే ‘గ్రెయిన్’ను ఆయన ‘గింజ’ అన్నారు. అర్థం సరైనదే, ఆ కొలత పుట్టింది ధాన్యపు గింజ నుంచే, ఒక పౌనుకు 7000 గ్రెయిన్లు. కానీ మన కంసాలి ఇళ్లలో గురివింద గింజ ఎత్తు అనే తూకం ఒకటి ఉండేది, అది రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువగా తూగుతుంది. మందు తూకంలో పొరపాటుకు చోటివ్వకూడదు కనుక ‘గ్రెయిన్’ను అలాగే ఉంచమని కోరాను, ఆయన ఒప్పుకున్నారు.

ఇక తగవు. నోటుపుస్తకం మొదటి పేజీలో “మందుగుండు తయారీ” అని ఉంది. గుంటూరు నుంచి వచ్చిన మా బాబాయిగారు దాన్ని చూసి, మందుగుండు అంటే మందు గల గుండు, టపాకాయల వంటిది, ఇత్తడి తూటాకు ఆ పేరు తగదని అన్నారు. నాన్నగారు పుస్తకం తిరగేసి ఒక వాక్యం చూపించారు: “రెండో చోట మందు కంటితో చూడనిదే మూడో చోట గుండు పెట్టరాదు.” ఆ వాక్యం ఊరికే రాసింది కాదు. ఒకరోజు పిడి సగం లాగి ఉండగా ఫోను మోగితే అన్నయ్య లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చాక ప్లేటు తిప్పాడో లేదో ఇద్దరికీ గుర్తు రాలేదు. తిప్పకుండా మళ్లీ లాగితే ఒకే గుల్లలో మందు రెండుసార్లు పడుతుంది, దానివల్ల తుపాకి పగిలి చేతులు పోవచ్చు. అసలు మందే పడని గుల్ల అయితే బిళ్ల బలానికి గుండు గొట్టంలోకి దూరి అక్కడే ఇరుక్కుంటుంది, దాని వెనుక మరొకటి పేల్చినా ప్రమాదమే. అందుకని నాలుగు గుల్లలనూ దించి, మందు వంపేసి, మొదటి నుంచి మొదలుపెట్టారట. అప్పటి నుంచి ఆయన దృష్టిలో మందు వేరు, గుండు వేరు, రెండింటి మధ్య ఒక చూపు.

నా అభిప్రాయం కూడా అదే. మందుగుండు ద్వంద్వ సమాసం, మందును గుండును అని విగ్రహవాక్యం. అంతేకాదు, అందులోని వరస పనిలోని వరస. నాటుతుపాకిలో ముందు మందు పోసి చువ్వతో దట్టిస్తారు, ఆ తరువాతే గుండు వేస్తారు. అన్నయ్య ప్రెస్సులోనూ రెండో చోటు మందుది, మూడో చోటు గుండుది. హిందీవారి ‘గోలాబారూద్’లో గుండే ముందు ఉంది కనుక ఈ వరస అన్ని భాషలకూ తప్పనిసరి కాదు. మన మాట మాత్రం తుపాకి నింపేవాడి చేతిని అనుసరించింది. కన్నడంలోని ‘మద్దుగుండు’ కూడా ఇదే వరసలో ఉంది, మద్దు మన మందుకు తోబుట్టువే.

మీ అభిప్రాయాలు తెలుపగలరు.

*

గుంటూరు నుంచి ఒక సభ్యురాలి స్పందన:

మాస్టారూ, మీ నాన్నగారి పేర్లు ఎంతో బాగున్నాయి. అయితే ఒక సందేహం. తెలుగులో ద్వంద్వానికి బహువచనం వస్తుంది కదా: తల్లిదండ్రులు, అన్నదమ్ములు, పప్పుబెల్లాలు. మందుగుండు ద్వంద్వమే అయితే ‘మందుగుండ్లు’ అనాలి. మనం ఎన్నడూ అలా అనము. పైగా తిరునాళ్లలో “మందుగుండు కాల్చారు” అంటాము, అక్కడ గుండు అంటూ విడిగా ఏదీ ఉండదు. మీ బాబాయిగారి మాటలోనూ బలం ఉందనిపిస్తోంది.

*

అమ్మా, మీ సందేహం సరైన చోటే తగిలింది. లెక్కపెట్టదగిన వ్యక్తులూ వస్తువులూ జతకూడినప్పుడు బహువచనం వస్తుంది. కలిపి వాడుకునే సరుకుల జంటలు ఏకవచనంలోనూ నిలుస్తాయి. మీ గుంటూరు మిరపకారంతోనే చెబుతాను: కూరలో ఉప్పుకారం సరిపోయిందా అని అడుగుతామే గాని ఉప్పుకారాలు అని అడగము. కూడుగుడ్డ, ఇల్లువాకిలి కూడా అంతే. మందుగుండు ఈ వర్గానిది. సిపాయికి ఇచ్చే సరఫరా మొత్తానికి అది ఒకే పేరు, అందుకే దాని వెంట ‘సామగ్రి’ చేరింది. ‘సామాగ్రి’ అని దీర్ఘం ఇవ్వవద్దని ఈ సందర్భంలోనే అందరినీ వేడుకుంటున్నాను.

తిరునాళ్ల మందుగుండు విషయంలో మీరు చెప్పినది అంగీకరిస్తాను. తుపాకి మరుగున పడి బాణసంచా మిగిలిన చోట గుండు అర్థం కరిగిపోయింది, వినేవారు దాన్ని మందు గల గుండుగానే భావిస్తున్నారు. కనుక ఆ ప్రయోగానికి బాబాయిగారి విగ్రహం చెల్లుతుంది. ఈ సంగతి ఆయనకు ఈ సాయంత్రమే ఫోనులో చెప్పాను, సంతోషించారు.

మరొక్క మాట, ‘మందు’ గురించి. రోగానికీ పొలానికీ తుపాకికీ ఒకే మాట ఏమిటని అన్నయ్య పిల్లలు నాన్నగారిని అడిగారట. మిరప చేలో మందు కొట్టేవారికి ఈ సందేహం రాదు గాని, పిల్లల ప్రశ్న మంచిది. చీనావారు తుపాకిమందును ‘హ్వోయావ్’ అంటారు, దాని అర్థం అచ్చంగా నిప్పు మందు, ఆ యావ్ వైద్యుడిచ్చే మందే. ఔషధాల కోసం గంధకాన్నీ సురేకారాన్నీ నూరుతూ పోయిన రసవాదుల చేతిలో పుట్టిన పదార్థానికి ఆ పేరు సహజమే. మన మాట అక్కడి నుంచి వచ్చిందని అనను. నూరి, తూచి, పొట్లం కట్టి ఇచ్చే పొడిని మందు అనడం మన అలవాటులోనూ ఉన్నదే. ‘మందుపాతర’లో ఆ పొడి ధాన్యంలా పాతరలోకి కూడా చేరింది.

పల్నాడు వైపు నాటుతుపాకుల కాలం ఎరిగిన పెద్దలు మీ ఇళ్లలో ఉంటే ఒక్కటి అడిగి చెప్పండి: మందును దట్టించే ఆ ఇనుప చువ్వను వారు ఏమని పిలిచేవారు? నోటుపుస్తకంలో ప్రెస్సు నడిమి కడ్డీకి నాన్నగారు ఇంకా పేరు పెట్టలేదు, ఆ చోటు ఖాళీగా ఉంచారు.