అప్‌డేట్: సిమ్యులేషన్ డ్రైవర్‌తో స్కాడా టెస్టింగ్ పూర్తయింది

పీఎల్‌సీ (ప్లాంట్‌లో యంత్రాలను నడిపే కంట్రోలర్) ప్యానెల్ ఇంకా చేతికి రాలేదు, స్కాడా (ప్లాంట్‌ను కంప్యూటర్‌లో చూస్తూ నడిపే సాఫ్ట్‌వేర్) స్క్రీన్లు ఎలా టెస్ట్ చేయాలని పోయిన నెల ఇక్కడ అడిగాను. అసలు పీఎల్‌సీ బదులు ఉత్తుత్తి విలువలు ఇచ్చే సిమ్యులేషన్ డ్రైవర్ పెట్టుకోమన్నారు. పెట్టాను. బాలానగర్‌లో మా ఆఫీసు టేబుల్ మీదే సగం పని అయిపోయింది.

ట్యాంక్ లెవెల్ ట్యాగ్‌కి (స్కాడాలో ఒక్కో విలువకు ఒక్కో ట్యాగ్ ఉంటుంది) 0 నుంచి 100 దాకా మెల్లగా పెరిగే ర్యాంప్ ఇచ్చాను. అలారం సరిగ్గా 80 దగ్గర మోగింది. తర్వాత విలువను 79, 80 మధ్య ఊగేలా చేస్తే అలారం లిస్టు నిమిషంలో నిండిపోయింది. డెడ్‌బ్యాండ్ (విలువ కాస్త కిందికి దిగేదాకా అలారం మళ్లీ మోగకుండా ఆపే తేడా) పెట్టడం మర్చిపోయాను మరి. 2 శాతం పెట్టాక సర్దుకుంది. ఇదే ప్లాంట్‌లో జరిగుంటే ఆపరేటర్ అలారాలు చూడటమే మానేసేవాడు.

కానీ పటాన్‌చెరు సైట్‌కి వెళ్లాక టెన్షన్ మొదలైంది. ఫ్లో మీటర్ మీద 25 ఉంది, స్క్రీన్ మీద సున్నా. రెండు గంటలు కేబుల్ అనుమానించాం. అసలు సంగతేంటంటే, 32 బిట్ల ఫ్లోట్ (దశాంశ సంఖ్య) విలువ మోడ్‌బస్‌లో, అంటే పరికరాలు డేటా పంపుకునే ప్రోటోకాల్‌లో, రెండు 16 బిట్ల రిజిస్టర్లలో వస్తుంది. ఆ రెండింటి వరుస తారుమారైంది. ఆ వరుసను తిప్పే వర్డ్ స్వాప్ సెట్టింగ్ ఆన్ చేయగానే 25 కనిపించింది. సిమ్యులేషన్ డ్రైవర్ విలువలను తనే పుట్టిస్తుంది, ప్రోటోకాల్ జోలికే పోదు. అందుకే ఇది ముందు దొరకలేదు.

ఈసారి ఇంకో ల్యాప్‌టాప్‌లో మోడ్‌బస్ టీసీపీ (నెట్‌వర్క్ మీద నడిచే మోడ్‌బస్) సిమ్యులేటర్ నడిపి, 502 పోర్టు ద్వారా అసలు డ్రైవర్‌తోనే చదివిస్తాను. సైట్‌కి వెళ్లే ముందు ప్రతి ట్యాగ్‌ను సిమ్యులేషన్ నుంచి అసలు డ్రైవర్‌కి మార్చారో లేదో చూసుకోండి. మాకు ఒక పంపు ట్యాగ్ సిమ్యులేషన్‌లోనే ఉండిపోయి, ఆగిన పంపు నడుస్తున్నట్టు పచ్చగా కనిపించింది. సలహా ఇచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.