హీట్ ముల్లు ఎర్రగీత వైపు వెళ్తే ముందు సెన్సార్ చూడాలా, రేడియేటరా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. నాది 2005 పెట్రోల్ కారు. పోయిన శుక్రవారం కోరాపుట్ వెళ్తూ సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే హీట్ ముల్లు ముప్పావు దాటింది. మిట్టమధ్యాహ్నం, ఏసీ వేసి ఉంది. ఆపి బానెట్ ఎత్తాను. ఆవిరి లేదు. కూలెంట్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్యే ఉంది. మర్నాడు రాత్రి తిరిగొస్తుంటే రణస్థలం దగ్గర చదును రోడ్డు మీద మళ్ళీ అదే. ఒక షెడ్‌లో నీళ్ళ వేడి కొలిచే సెన్సార్ మార్చమన్నారు. ఇంకో షెడ్‌లో రేడియేటర్ దింపాలి, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) కూడా పోయి ఉండొచ్చు అన్నారు. ఏది ముందు?

పలాస_జీడి:
ఫ్యాన్ తిరుగుతోందా?

నాగావళి_ఒడ్డు:
తిరుగుతోంది.

ఘాట్_డ్రైవర్ (సాలూరు):
తమ్ముడూ, ముల్లు ఎక్కిందంటే ఇంజిన్ వేడెక్కిందనే అనుకో. సెన్సార్ సంగతి తర్వాత. ముందు రేడియేటర్ చూపించు. ఇరవై ఏళ్ళుగా ఆ ఘాట్ ఎక్కుతున్నాను, ముల్లుని అనుమానించి బాగుపడ్డవాణ్ణి చూడలేదు.

మల్టీమీటర్ (విజయనగరం):
అన్నయ్యా, కొలవకుండా రేడియేటర్ దింపమంటే ఎలా? సెన్సార్ పని చాలా సులువు. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డు) తగ్గుతుంది. విప్పి గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టండి, మీటరు తగిలించి చూడండి. నీళ్ళు కాగేకొద్దీ అంకె ఆగకుండా దిగుతూ రావాలి. మధ్యలో గెంతితే సెన్సార్ పోయినట్టే. ఇంకా తేలిక పరీక్ష: ఇలాంటి పాత కార్లలో సెన్సార్ వైరు పీకేస్తే ముల్లు చల్లని వైపు పడిపోవాలి.

ఘాట్_డ్రైవర్:
తప్పు. మా లారీకి వైరు ఊడితే ముల్లు నేరుగా చివరికి వెళ్ళింది. నా కళ్ళతో చూశాను.

మల్టీమీటర్:
ఊడిన వైరు బాడీకి తగిలి ఉంటుంది. తగిలితే వేడి వైపు, గాల్లో ఉంటే చల్లని వైపు.

ఘాట్_డ్రైవర్:
తగల్లేదు. నేనే చూశానంటే మళ్ళీ తగిలిందంటావేం?

బొబ్బిలి_వీణ:
డబ్బాలో బోరు నీళ్ళు పోశారా? ఉప్పు పేరుకుంటే రేడియేటర్ మూసుకుపోతుంది.

మల్టీమీటర్:
వైరు గొడవ వదిలేద్దాం. నాగావళి గారూ, ఒక్క పని చేయండి. బండి స్టార్ట్‌లో ఉంచి, ముల్లు నిలకడగా ఉన్నప్పుడు హెడ్‌లైట్లు వేయండి. హీట్ ముల్లుతో పాటు పెట్రోల్ ముల్లు కూడా కదిలిందా చూడండి.

నాగావళి_ఒడ్డు:
ఇప్పుడే చూశాను. లైట్లు వేయగానే రెండూ ఒక్క గెంతు గెంతాయి! ఆపేస్తే మళ్ళీ కిందికి వచ్చాయి.

మల్టీమీటర్:
అయిపోయింది. నీళ్ళ వేడి అలా గెంతదు, మెల్లగా ఎక్కుతుంది. డాష్‌బోర్డు మీటర్లకి ఎర్త్ (కరెంటు బండి బాడీకి తిరిగి వెళ్ళే దారి) సరిగా లేదు. మా నాన్నగారి కారుకి ఇదే జబ్బు. కళింగపట్నం సముద్రపు గాలికి ఎర్త్ బోల్టు పచ్చగా చిలుమెక్కింది. అది చూడకుండా ఒక షెడ్ వాళ్ళు రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్ ఒకటొకటిగా మార్చి 22 వేలు తీసుకున్నారు. నాన్నగారి పింఛను డబ్బు అది. చివరికి గరుకు కాగితంతో నేనే రుద్దాను. ఇప్పటికీ తల్చుకుంటే కడుపు మండుతుంది.

ఘాట్_డ్రైవర్:
నీ కడుపుమంటకి ఇతని ఇంజిన్ బలి పెడతావా? నా సంగతీ విను. ఘాట్ మీద ముల్లు పైకి వెళ్ళి, ఉన్నట్టుండి కిందికి పడిపోయింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే "సెన్సార్ తప్పు, నడుపుకుంటూ వచ్చేయండి" అన్నాడు. వచ్చాను. నీళ్ళన్నీ కారిపోయి సెన్సార్ గాల్లో ఉండిపోయిందని తర్వాత తెలిసింది. ఇంజిన్ హెడ్ బెండ్ అయింది. చంటిపిల్లతో రాత్రి పదింటి దాకా రోడ్డు మీద నిలబడ్డాం. మీటరు పట్టుకుని కూర్చునేవాళ్ళకి ఆ బాధ తెలీదు.

మల్టీమీటర్:
మాట జారుతున్నారు అన్నయ్యా. నడపమన్నది ఆ మెకానిక్, నేను కాదు. కొలవమన్నాను.

ఘాట్_డ్రైవర్:
అయితే దీనికి సమాధానం చెప్పు. ఘాట్ మీద మిట్టమధ్యాహ్నం ఎక్కింది అన్నాడు. అప్పుడు హెడ్‌లైట్లు ఎవరు వేశారు?

మల్టీమీటర్:
ఏసీ బ్లోయర్ కూడా కరెంటు లాగుతుంది కదా.

ఘాట్_డ్రైవర్:
లాగుతుంది. కానీ అదే కారణమని నీకు ఖాయంగా తెలుసా? ఒక తప్పు దొరకగానే "అయిపోయింది" అన్నావు. నా గొడవ సెన్సార్ మీద కాదు, ఆ మాట మీద. ఒక బండిలో రెండు తప్పులు ఉండకూడదా? నాకు ఫోన్లో చెప్పినవాడూ అలాగే తేల్చేశాడు.

బొబ్బిలి_వీణ:
ఇది మాత్రం నిజం.

మల్టీమీటర్:
సరే. పొద్దున్న ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడండి. వేడి మీద ముట్టుకోవద్దు, మొహం కాలిపోతుంది.

నాగావళి_ఒడ్డు (రెండు రోజుల తర్వాత):
ఎర్త్ బోల్టు విప్పి రుద్ది బిగించాను. లైట్లు వేస్తే ముల్లు కదలడం లేదు. కానీ ఈ ఉదయం రేడియేటర్ మూత తీస్తే వేలు పెట్టినా కూలెంట్ తగల్లేదు. డబ్బాలో మాత్రం నిండుగానే ఉంది. మూతకున్న రబ్బరు వాచరు బీటలు వారి, గోటితో గీస్తే పొడిలా రాలింది.

ఘాట్_డ్రైవర్:
అదీ సంగతి. మూత మంచిదైతే 0.9 బార్ ఒత్తిడి నిలుపుతుంది, నీళ్ళు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. ఒత్తిడి నిలవకపోతే నూటికే మరుగుతాయి. చల్లారాక డబ్బాలోంచి వెనక్కి లాగే పనీ ఆ మూత పట్టును బట్టే. పట్టు లేకపోతే డబ్బా నిండుగా, రేడియేటర్ ఖాళీగా ఉంటుంది. సరిపోయే మూత కొను, కూలెంట్ నింపు, లోపల చిక్కుకున్న గాలి తీయించు.

మల్టీమీటర్:
డబ్బా మట్టం సరిగ్గా ఉందంటే నేను మొదట్లోనే రేడియేటర్ లోపల చూడమనలేదు. తప్పు నాది. నాగావళి గారూ, మూత మార్చాక కూడా ప్రెషర్ టెస్ట్ చేయించండి, ఇంకెక్కడైనా కారుతోందేమో తెలుస్తుంది. అది తేలేదాకా రేడియేటర్ దింపనివ్వకండి.

ఘాట్_డ్రైవర్:
అది తేలేదాకా ఘాట్ కూడా ఎక్కొద్దు తమ్ముడూ.