పాపకు జ్ఞానస్నానమా, ప్రతిష్ఠా? పెద్దాళ్ల మధ్య నలిగిపోతున్నా

కావలి కోడలు:
అందరికీ నమస్కారం, వందనాలు చెప్పేవాళ్లకు వందనాలు.

మా పుట్టిల్లు ఒంగోలు, బాప్టిస్టులం. అత్తగారిల్లు కావలి, వాళ్లు ఆర్‌సీఎం, అంటే రోమన్ కథోలికులు. పాపకు అయిదు నెలలు. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేసి పేరు పెట్టేశాం. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ కార్యక్రమంలో నీళ్లు లేవు. మా ఇంట్లో గొడవంతా నీళ్ల దగ్గరే. వాళ్లు జ్ఞానస్నానం అనేదాన్నే మేం బాప్తిస్మం అంటాం.

అత్తమ్మ రోజూ పాపకు నూనె రాస్తూ అదే మాట. "బిడ్డకి ఇంకా జ్ఞానస్నానం ఇప్పించలేదా అని గుడికాడ అందరూ అడగతా ఉండారు." మా నాన్న రిటైరైన హెడ్మాస్టరు, సంఘంలో డీకన్, అంటే సంఘ పెద్దల్లో ఒకడు. ఫోన్ చేస్తే ఆయనదీ ఒకటే మాట. "పాలు తాగే బిడ్డ ఏం నమ్మిందని బాప్తిస్మం? ఒంగోలు తీసుకురా, పాస్టరు అయ్యగారితో ప్రార్థన చేయించి ప్రతిష్ఠ చేద్దాం, చాలు." మా ఆయన్ని అడిగితే "మీ ఇష్టం" అని ఫోన్ చూసుకుంటాడు. ఆ "మీ"లో ఎవరెవరున్నారో నాకు తెలియదు.

పెళ్లికి ముందు ఫాదర్ గారి గదిలో మా ఆయన ఒక కాగితం మీద సంతకం పెట్టిన గుర్తు. పుట్టే పిల్లల గురించే ఏదో. ఆ రోజు నా ధ్యాసంతా జాకెట్టు చేతులు బిగుతయ్యాయే అన్నదాని మీదే ఉంది. ఇప్పుడు అత్తమ్మ ఆ కాగితం ఎత్తుతోంది.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు పదిహేడో ఏట బాప్తిస్మం అయింది. గుళ్లో వేదిక మీద చెక్కలు ఎత్తేస్తే కింద తొట్టి. డిసెంబరు నెల, నీళ్లు రొమ్ముల దాకా. అయ్యగారు ఏదో అడిగారు, నేను "అవును" అన్నాను, మునిగి లేచేసరికి చెవుల నిండా నీళ్లు. ఆ తర్వాత జరిగిన ఆరాధనలో ఒక్క ముక్క వినపడలేదు. మెట్ల దగ్గర నాన్న తువ్వాలు విప్పి పట్టుకుని నిలబడ్డాడు, అదొక్కటే బాగా గుర్తు. ఆ "అవును" నా బిడ్డ కూడా తన నోటితోనే అనాలని నాకు ఉంది. ఇప్పుడే నీళ్లు పోయిస్తే అది లాగేసుకున్నట్టు అవుతుందా?

మళ్లీ ఇంకోవైపు, మొన్న అత్తమ్మ బీరువాలోంచి బిస్కెట్ల డబ్బా తీసింది. అందులో మా ఆయన జ్ఞానస్నానం నాటి కొవ్వొత్తి. సగం కాలింది, ఇన్ని ఎండాకాలాలు చూసి కొడవలిలా వంగిపోయింది. దూదిలో చుట్టి పెట్టుకుంది. ఏమనాలి నేను?

అసలు చేయించాలా వద్దా, చేయిస్తే ఎక్కడ, మా తమ్ముడు జ్ఞానతండ్రిగా (గాడ్‌ఫాదర్‌గా) నిలబడొచ్చా, ఎంతమందిని పిలవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. రెండు మతాల చర్చ పెట్టి కొట్టుకోవద్దు, ప్లీజ్.

గూడూరు పెద్దమ్మ:
అమ్మా, మా నాయన ఉపదేశి, గుళ్లో ఉపదేశం నేర్పేవాడు. చిన్నప్పటినించీ ఇంట్లో ఇయ్యే మాటలు, అందుకని చెప్తున్నా.

ఆ కాగితం సంగతి ముందు. కథోలికులు వేరే సంఘం వాళ్లని చేసుకునేప్పుడు మేత్రాణుల వారి, అంటే బిషప్ గారి అనుమతి కావాల. దానికోసం కథోలిక పక్షం వాళ్లు, అంటే మీ ఆయన, పిల్లలకి కథోలిక సభలో జ్ఞానస్నానం ఇప్పించేదానికి తన శక్తి ఉన్నంత వరకు చేస్తానని మాటిస్తారు. మాటిచ్చింది ఆయన, నువ్వు కాదు. నీకు ఆ సంగతి తెలియజేస్తారు, అంతే. నువ్వు సంతకం చేసినట్టు మీ అత్త మాట్లాడితే అది సరికాదు. అట్టాగని మీ ఆయన "మీ ఇష్టం" అని తప్పించుకునేదీ కుదరదు. మాటిచ్చినోడే నోరు తెరవాల.

తల్లిదండ్రుల్లో ఒకరన్నా ఒప్పుకోకుండా మామూలుగా ఏ ఫాదరూ ఇవ్వరు. పుట్టిన కొన్ని వారాల్లోనే ఇప్పించమని సభ చెప్తుంది గానీ అయిదు నెలల బిడ్డని ఎవరూ వెనక్కి పంపరు. ఏడేళ్లు దాటితే మాత్రం లెక్క వేరు, ఉపదేశం నేర్చుకోని రావాల.

మీ తమ్ముడు బాప్టిస్టు కాబట్టి జ్ఞానతండ్రి కాలేడు, సాక్షిగా నిలబడొచ్చు, పక్కన ఒక కథోలిక జ్ఞానతల్లో తండ్రో ఉండాల. వాళ్లకి పదహారేళ్లు నిండుండాల, సత్ప్రసాదం (కమ్యూనియన్), భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) అయ్యుండాల. ఊరికే డబ్బున్న మేనమామని నిలబెట్టడం మనోళ్లకి అలవాటు, అది చూసుకో. పాప పుట్టిన సర్టిఫికెట్టు, మీ పెళ్లి పత్రం జిరాక్సులు తీసుకోని నెల ముందే ఫాదర్ గారిని కలువు.

ఇంకోటి, నవ్వులాటకి కాదు. మీ అత్తమ్మ ఆస్పత్రిలోనే పాప తలమీద నీళ్లు పోసేసిందేమో కనుక్కో. ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇవ్వొచ్చు, నీళ్లు పోసి పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అంటే అయిపోయినట్టే. మళ్లీ పొయ్యరు. మా ఇంట్లోనే ఒకామె ఇట్టా చేసి పదేళ్లు చెప్పలా.

వెల్లంపల్లి మనవడు:
అక్కా, నేను మీ నాన్నగారి పార్టీ. మాది మద్దిపాడు పక్క. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న రేవు మాదే, మా తాత తాత కూడా అందులో ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు (ఈ చుట్టుపక్కల ఇలా చెప్పుకోని ఇల్లు లేదు, అది వేరే విషయం). దానికి ముందు కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూలి గింజల కోసం కలిశారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. అంత జనం వరసలో నిలబడ్డా ఒక్కొక్కరి ఒప్పుకోలు వాళ్లదే. మీ నాన్నగారి పట్టుదల ఎక్కడిదో మీకు తెలియంది కాదు.

ప్రతిష్ఠ అంటే చాలా సాదాగా ఉంటుంది. ఆదివారం ఆరాధన మధ్యలో బిడ్డను ముందుకు తీసుకెళ్తారు, బైబిల్లో హన్నా తన బిడ్డ సమూయేలును దేవుడి మందిరానికి తీసుకొచ్చిన భాగం చదువుతారు, అయ్యగారు ఎత్తుకుని ప్రార్థిస్తారు. పది నిమిషాలు. నీళ్లూ లేవు, నూనే లేదు.

ఒక మాట మాత్రం దాచను. ఇప్పుడు జ్ఞానస్నానం ఇప్పించి, రేపు పాప పెద్దయ్యాక మన సంఘంలో చేరాలంటే మళ్లీ ముంచుతారు. కథోలికులు అది రెండో బాప్తిస్మం అంటారు, ఒప్పుకోరు. మనం మొదటిదే అంటాం. కాబట్టి మీ "అవును" పూర్తిగా పోదు గానీ, ఆ రోజు ఇంట్లో ఇంకో గొడవ ఖాయం.

రిటైర్డు ఆర్ఐ:
ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నా, రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాణ్ణి. కులం సర్టిఫికెట్టు ఎస్సీ అని ఉంటే ముందు ఆలోచించుకోండి. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఆ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే. క్రైస్తవులైన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి, రిజర్వేషన్ 1 శాతం. 2024 నవంబరులో ఎస్సీ సర్టిఫికెట్టు కోసం వేసిన పుదుచ్చేరి కేసు ఒకటి సుప్రీంకోర్టు కొట్టేసింది. పసితనంలో ఇచ్చిన బాప్తిస్మం చర్చి రిజిస్టరులో ఉండటం కూడా అందులో లెక్కలోకి వచ్చింది. సర్వీసులో ఉండగా ఇలాంటి ఎంక్వయిరీలు చేసినవాణ్ణి, తర్వాత ఏడ్చినవాళ్లను చూశాను.

ఉలవపాడు బంగినపల్లి:
అక్కా, మతం సంగతి పెద్దాళ్లు చెప్పారు, నేను తిండి సంగతి చెప్తా. మా బాబుకి మే నెలలో పెట్టుకున్నాం. తొమ్మిది గంటల పూజ, పదకొండున్నరకి హాలు, 300 మంది. పట్టు గౌను, లోపల ఇంకో గౌను, తలకి లేసు టోపీ. వాడు కేక్ కోసేలోపే చెమటకాయలు పేలిపోయి ఏడుపు. ఫోటోల్లో అన్నిట్లో నోరు తెరిచే ఉన్నాడు. బిర్యానీకి పెట్టిన అప్పు ఇంకా కడుతున్నాం. వానలు పడ్డాక పెట్టుకోండి, మొదటి పూజకి వెళ్లండి, నూలు గౌను వేయండి. ఇంటికొచ్చి యాభై మందికి చేపల పులుసు పెట్టండి, జన్మలో మర్చిపోరు.

కావలి కోడలు:
మూడు వారాలైంది, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. ఆర్ఐ గారూ, మా రెండు వైపులా తాతల నాటి నుంచీ బీసీ-సి సర్టిఫికెట్లే, ఆ భయం లేదు, అయినా చెప్పినందుకు థాంక్స్.

పెద్దమ్మా, మీరు చెప్పినట్టు అడిగాను. పాప పుట్టినప్పుడు కామెర్లని నాలుగు రోజులు నీలం లైటు కింద పెట్టారు. అప్పుడు అత్తమ్మ సంచిలో వేళాంగణ్ణి తీర్థం సీసా ఉందంట. నాకు ఇప్పటిదాకా తెలియదు. పోశావా అని అడిగితే, "మూత గూడా తీసినా. తల్లిని అడక్కుండా ఎట్టా పోసేది అని మళ్లీ పెట్టేసినా" అంది. నూనె రాసేది ఆపలేదు, నా వైపు చూడలేదు.

ఆ రాత్రి మా ఆయన్ని గట్టిగా పట్టుకున్నా. సంతకం పెట్టింది నువ్వు, నీకు కావాలా వద్దా, ఒక్క మాట చెప్పు అన్నా. చాలాసేపటికి చెప్పాడు. ఆ డబ్బాలో కొవ్వొత్తి వాళ్ల నాయన చేత్తో పట్టుకున్నదంట. మామయ్య ఈయన మూడో తరగతిలో ఉండగానే పోయారు. కావాలి అన్నాడు.

ఆగస్టు రెండో ఆదివారం, కావలిలో, మొదటి పూజలో. మా ఆడపడుచు జ్ఞానతల్లి, తమ్ముడు సాక్షి. గౌను నా పెళ్లి చీర కొంగులోంచి కుట్టిస్తున్నా, లోపల మెత్తటి నూలు పంచె గుడ్డ. టైలరు అయిదు నెలల కొలత తీసుకుంటానంటే, అప్పటికి ఏడు నిండుతాయని ఒక అంగుళం వదలమన్నా. పులుసుకు కొరమీను చెప్పాం, అరవై మందికి.

నాన్నకు చెప్పడానికి నాలుగు రోజులు వాయిదా వేశా. చెప్పాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. నేను ముందుకు రాను, వెనక బెంచీలో కూర్చుంటా అన్నాడు. సరే అన్నా. ఫోన్ పెట్టేసిన అరగంటకి మళ్లీ చేశాడు.

"ఆ నీళ్లు పొద్దున్నే చల్లగా ఉంటాయేమో. కాస్త గోరువెచ్చగా పెట్టమని మీ ఫాదర్ గారికి చెప్పు. తువ్వాలు నేను తెస్తా."