టీమ్ టోర్నమెంట్ అడవి పక్కన పెట్టాలి, చెత్త మిగలకూడదు, ఎవరైనా చేశారా?

ఆఫీస్_బకరా:
అందరికీ నమస్తే. మాది హైదరాబాద్‌లో ఒక మోస్తరు ఆఫీసు. ఏటా క్రికెట్ టోర్నమెంట్ పెట్టుకుని బిర్యానీ తిని ఇంటికెళ్లిపోతాం, ఎవరికీ ఇబ్బంది లేదు. ఈసారి పైనుంచి ఆర్డర్, ఎకో ఫ్రెండ్లీగా ఉండాలంట, చెట్లూ గుట్టలూ ఉన్నచోట టీములుగా ఆడే ఛాలెంజ్‌లు ఉండాలంట, చివరికి తిరిగి తిరిగి అది నా నెత్తిన పడింది. అనుకుంటున్నది నవంబర్‌లో ఒక ఆదివారం, వికారాబాద్ దగ్గరి అనంతగిరి, ఎనభై మంది దాకా వస్తారు, పది టీములు చేద్దామని. ఇప్పటివరకు నా బుర్రకు తట్టినవి: అడవిలో ట్రెజర్ హంట్, ఎక్కువ రకాల ఆకులు తెచ్చిన టీముకి పాయింట్లు, ఎక్కువ మొక్కలు నాటినోళ్లకి పాయింట్లు, చెత్త ఏరే పోటీ. ఇలాంటివి చేసినవాళ్లు ఉంటే ఏది కుదిరింది ఏది బెడిసికొట్టింది చెప్పండి ప్లీజ్.

కొండదారి:
అన్నా ముందుగాల జాగ సంగతి సూస్కో. అనంతగిరి గుట్టలంటే రిజర్వ్ ఫారెస్ట్, ఎనభై మందిని దించి గేమ్స్ ఆడిస్తమంటే ఊకె కాదు, ఫారెస్టోళ్ల పర్మిషన్ గావాలె, జిల్లా ఫారెస్ట్ ఆఫీసర్ (డీఎఫ్ఓ) ఆఫీసుల లెటర్ ఇయ్యాలె, అది కూడా ముందే. నా సలహా ఏందంటే గుట్ట కింద సొంత జాగ ఉన్న ఫామ్‌లు, రిసార్టులు శాన ఉన్నయ్, ఆటలన్నీ అక్కడ పెట్టుకో, అడవిలకు ఉట్టి నడకకే పో, అది గూడ చిన్న గుంపులుగ.

ఇంకోటి, నవంబర్ల ఆదివారం అంటున్నవ్, అది కార్తీకం. ఉసిరిచెట్టు కనవడ్డకాడల్లా వనభోజనాలే, అనంత పద్మనాభస్వామి గుడికాడ బండి తిప్పుకునే జాగ ఉండదు. శనివారం పెట్టుకో, లేకపోతే కార్తీకం పోయినంక పెట్టుకో. మూసీ పుట్టేది ఆ గుట్టలల్లనే, నువ్వు ఆడ ఇడిసిపెట్టిన కవర్ వానాకాలంల కొట్టుకొచ్చి గండిపేట చెరువుల తేలుతది, ఆ సంగతి మీ టీములకు బస్సులనే చెప్పు.

పిట్టగూడు:
ఆకులు తెచ్చే పోటీ మాత్రం వద్దండీ దయచేసి. ఒక కార్పొరేట్ ఈవెంట్‌లో ఇది కళ్లారా చూశాను, ఒక్కో టీము కొమ్మలకి కొమ్మలు విరిచి తెచ్చింది, ఒకాయన గిజిగాడి గూడు కోసుకొచ్చి పైన పాయింట్లు అడిగాడు. వాళ్లని అని లాభం లేదు, తెచ్చినదానికి పాయింట్లు అన్నారు, తెచ్చారు. మీరు దేనికి పాయింట్ ఇస్తే జనం అదే చేస్తారు, స్టీల్ గ్లాసులు పెట్టారా బట్ట బ్యానర్ కట్టారా అన్నది దాని తర్వాతే.

దీనికి బదులు ఫోటో ఛాలెంజ్ పెట్టండి. ఐనాచురలిస్ట్ అని ఒక యాప్ ఉంది, ఫోటో తీసి పెడితే అది ఏ మొక్కో ఏ పురుగో సూచిస్తుంది, తర్వాత తెలిసినవాళ్లు సరిచేస్తారు. 2016లో లాస్ ఏంజెలెస్‌కీ శాన్ ఫ్రాన్సిస్కోకీ మధ్య ఎవరు ఎక్కువ జీవుల్ని చూస్తారని సరదాగా ఒక పోటీ మొదలైంది, సిటీ నేచర్ ఛాలెంజ్ అని, ఇప్పుడు ప్రపంచమంతా ఊళ్లు ఊళ్లు ఆడుతున్నాయి. మీరు దాన్నే చిన్నగా చేసుకోవచ్చు. ఎన్ని ఫోటోలు అని కాకుండా ఎన్ని రకాలు అని లెక్కపెట్టండి, లేకపోతే ఒక్క సీతాకోకచిలుక వెనకాల నలభై ఫోటోలు వస్తాయి. తెలుగు పేరు చెబితే అదనంగా ఒక పాయింట్. పాలపిట్ట, లకుముకి, పికిలిపిట్ట, వడ్రంగిపిట్ట, ఇవన్నీ ఆ చుట్టుపక్కల కనిపించేవే, కానీ చాలామందికి పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి అని తెలుసు గానీ ఎదురుగా కరెంటు తీగ మీద కూర్చుంటే గుర్తుపట్టరు. అది కూర్చున్నంతసేపూ మట్టిరంగులోనే కనిపిస్తుంది, ఎగిరినప్పుడు గానీ ఆ నీలం బయటపడదు.

మైనస్ పాయింట్లు కూడా రాసుకోండి: గూడు దగ్గరికి వెళ్తే, ఆకు తెంపితే, రాయి తిరగేసి మళ్లీ యథాస్థానంలో పెట్టకపోతే, ఫోన్లో పిట్ట కూత పెట్టి పిలిస్తే. చివరిది చాలామంది తప్పు అనుకోరు, కానీ ఆ కూత విని ఇంకో పిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుని అది కంగారు పడుతుంది.

ఆఫీస్_బకరా:
గిజిగాడి గూడు 😳 సరే ఆకులు క్యాన్సిల్. చెత్త ఏరే పోటీకి బరువు తూచి పాయింట్లు ఇద్దామనుకున్నా, అది ఓకేనా?

బురదకాళ్లు:
బరువు ఒక్కటే పెట్టారో, తడిసిన అట్టపెట్టెలు, ఇసక నిండిన గోతాలు, పాత టైర్లు వస్తాయి బ్రో, గుట్కా ప్యాకెట్టు ఒక్కడు ముట్టడు. ఎందుకంటే అది బరువుండదు కదా. జపాన్‌లో దీన్ని నిజంగానే ఒక స్పోర్ట్ చేశారు, స్పోగోమి అంటారు, 2008లో మొదలైంది, 2023లో టోక్యోలో మొదటి వరల్డ్ కప్ పెడితే బ్రిటన్ టీము గెలిచింది. నవ్వకండి నిజమే. ముగ్గురు ఒక టీము, టైము ఉంటుంది, పరుగెత్తకూడదు, ఏరాక వేరుచేయడం కూడా ఆటలో భాగమే. వాళ్ల పాయింట్లు రకాన్ని బట్టి ఉంటాయి, అదే బరువుకి సిగరెట్ పీకలకి అన్నిటికన్నా ఎక్కువ పాయింట్లు వస్తాయి, ఎందుకంటే ఏరడం కష్టం, నీళ్లలో కలిస్తే విషం.

మేము కాలనీ కుర్రాళ్లం దీన్ని మనకు తగ్గట్టు మార్చుకున్నాం. గుట్కా, షాంపూ, చిప్స్ ప్యాకెట్లు, పీకలు, ఇవి లెక్కపెట్టి పాయింట్లు. ప్లాస్టిక్ సీసాలు తూచి. గాజుపెంకులు ఎవరూ ముట్టుకోకూడదు, చూపిస్తే పాయింటు, మందపాటి గ్లవ్స్ వేసుకున్న వాలంటీర్ ఒకడు వచ్చి తీస్తాడు. సిరంజిలు కనపడితే కూడా అంతే. టీముకి ఎనిమిది మంది అంటే ఎక్కువ, ఐదుగురు ఏరుతుంటే ముగ్గురు రీల్స్ తీసుకుంటారు, నలుగురితో చిన్న టీములు చేయండి.

సాగరకన్య_కాదు:
మాది వైజాగ్. మేం కాలేజీ పాత బ్యాచ్ అంతా కలిసి బీచ్‌లో ఇలాంటిదే పెడతాం. బీచ్ అయితే ఇసక దులపకుండా తూచకూడదు, అదొక్కటే పెద్ద గొడవ. శంఖాలు, గవ్వలు చెత్త కాదు, వాటికి మైనస్. తెగిపోయిన వలలు కనపడితే లాగేయకుండా ముందు అక్కడి మత్స్యకారుల్ని అడగండి, కొన్ని వాళ్లు ఎండబెట్టుకున్నవే అయ్యుంటాయి, చెత్తనుకుని మూట కట్టేస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టే. మాకైతే వాళ్ల పిల్లలే ఒక టీముగా దిగి ప్రతిసారీ గెలుస్తారు, ఏ మూల ఏముంటదో వాళ్లకి తెలిసినట్టు మాకేం తెలుస్తాది.

జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి కాబట్టి ఆ సీజన్లో రాత్రి ఆటలూ లైట్లూ మ్యూజిక్కూ ఏవీ పెట్టం. ఎవరైనా బీచ్‌లో చేద్దామనుకుంటే అది గుర్తుపెట్టుకోండి.

ప్రైజుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ బంగారురంగు ప్లాస్టిక్ కప్పులు వద్దు. మేం ఏటికొప్పాక నుంచి కర్రబొమ్మలు తెప్పిస్తాం, అంకుడు కర్ర, లక్క రంగులు, 2017లో జీఐ (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది వాటికి. ముందే చెబితే మెడల్ సైజులో బిళ్లలు తిప్పి ఇచ్చేవాళ్లు ఉన్నారు. గెలిచినోడు ఇంట్లో షోకేసులో పెట్టుకుంటాడు, పారేయడు.

మెల్‌బోర్న్_మావయ్య:
ట్రెజర్ హంట్ అన్నారు కదా, దాని బదులు రోగెయినింగ్ చూడండి. ఇది ఇక్కడే, ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 1976లో పుట్టిన ఆట. మ్యాపు, కంపాస్ ఇస్తారు, అక్కడక్కడా చెక్‌పాయింట్లు ఉంటాయి, దూరంగా ఉన్నదానికి కష్టమైనదానికి ఎక్కువ పాయింట్లు, ఏ వరసలో వెళ్లాలో టీమే కూర్చుని తేల్చుకోవాలి, టైము దాటితే పాయింట్లు కోత. పెద్ద పోటీలైతే 24 గంటలు సాగుతాయి గానీ మీకు రెండు గంటలు చాలు. నాకు ఇందులో నచ్చేది ఏంటంటే టీము విడిపోకూడదు, చెక్‌పాయింట్ దగ్గర అందరూ ఉండాలి, కాబట్టి బాగా పరిగెత్తేవాడొకడు అన్నీ చుట్టేసి వస్తే కుదరదు, మోకాళ్ల నొప్పులున్న అకౌంట్స్ సార్ ఎంత నడవగలడో అంతే టీము నడక. మా తెలుగువాళ్ల గ్రూపు మొదటిసారి వెళ్లినప్పుడు సగం టైము మ్యాపు ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీదే గడిచింది.

ట్రెజర్ హంట్‌లో చీటీలు రాళ్ల కిందా పొదల్లోనూ దాస్తారు చూడండి, దాంతో పొదలన్నీ తొక్కుడే. ఇక్కడ గుర్తు దారి నుంచి కనపడేలా కడతారు, దాయరు. అయిపోయాక ఎన్ని కట్టామో అన్నీ విప్పుకుని రావాలి, లెక్క సరిపోయాకే బస్సు కదలాలి.

కొండదారి:
రాళ్ల కింద చీటీలు అస్సలు వద్దన్నా, మావయ్య మంచి మాట చెప్పిండు. కట్లపాము, రక్తపింజరి, తేళ్లు గుడ ఉంటయ్ ఆడ. చేతులు పెట్టే ఆట ఏదీ పెట్టకు. బూట్లు లేకుండ ఎవల్నీ గడ్డిలకు పంపకు. ఎవలికన్న పాము కరిస్తే కోసుడు, కట్టుడు, నోటితోని పీకుడు ఏం చెయ్యద్దు, కాలు కదలకుండ పండవెట్టి 108కి ఫోన్ కొట్టి జిల్లా ఆస్పత్రికి తీస్కపోవాలె. ఏ టైంల ఏ బండి రెడీగ ఉంటదో ముందే తేల్చుకో. పెద్ద చెట్లకు తేనెతుట్టెలు ఉంటయ్, ఆడ పొగ పెట్టుడు, డీజే రెండూ బంద్.

వేపచేదు:
అందరూ గేమ్స్ చెప్తున్నారు సరే, నేను కొంచెం చేదు మాట చెప్తా. ఎనభై మంది ఇరవై కార్లలో వచ్చి చిప్స్ ప్యాకెట్లు ఏరి ఫోటో దిగితే అది ఎకో ఫ్రెండ్లీ ఎలా అవుతుంది? ఇలాంటి ఈవెంట్లలో ఎక్కువ డీజిలూ పెట్రోలూ కాలేది రానూపోనూ ప్రయాణానికే. రెండు ఆర్టీసీ బస్సులు అద్దెకు మాట్లాడండి, లేదా వికారాబాద్ దాకా ట్రైన్ ఉంది, అక్కడి నుంచి గుట్ట దగ్గరే. ట్రైన్‌లో వచ్చిన టీముకి ముందే పది పాయింట్లు రాసేయండి, చూడండి ఎవరు కారు తీస్తారో.

టీషర్టులు కొట్టించకండి. ఒక్కరోజు వేసుకుని ఇల్లు తుడిచే గుడ్డ చేస్తారు. రంగు రిబ్బన్ లాంటి గుడ్డపేలికలు టీముకో రంగు చేతికి కట్టండి చాలు, అవి వచ్చే ఏడాది కూడా పనికొస్తాయి.

మొక్కలు నాటే పోటీ అంటారా, నవంబర్‌లో వానలు అయిపోయాక నాటితే సంక్రాంతికి నీళ్లు ఎవరు పోస్తారు? నాటడం జూన్, జూలై పని. విత్తన బంతులు విసిరే పోటీ పెడదామని ఇంకొకళ్లు వస్తారు, దానికీ అదే మాట, తొలకరికి ముందు చేయాలి. అందులోనూ వేపగింజ లాంటివి రాలిన కొద్ది వారాలకే మొలకశక్తి పోగొట్టుకుంటాయి, ఎప్పుడో ఏరి డబ్బాలో దాచి బంతులు చుడితే మట్టి విసిరినట్టే. అడవిలోకి ఏ విత్తనం పడితే అది విసరడానికి మనమెవరం అన్నది ఇంకో ప్రశ్న, బయటి దేశం నుంచి వచ్చి ఎక్కడపడితే అక్కడ పాకిపోయే సుబాబుల్ చెట్టు గింజలు కలిపి చుట్టినవాళ్లని చూశాను.

బురదకాళ్లు:
@వేపచేదు పాయింటు కరెక్టే గానీ మొదటిసారి వచ్చినవాళ్లని మరీ బెదరగొట్టకండి సార్ 😄 మా కాలనీలో చిప్స్ ప్యాకెట్ ఏరిన కుర్రాడే తర్వాత కిరాణా షాపు ముందు డస్ట్‌బిన్ పెట్టించాడు.

వేపచేదు:
బెదరగొట్టట్లేదు, బస్సు ఎక్కమంటున్నా.

వంటింటి_రాణి:
తిండి గురించి నేను చెప్తా, మా ఆయన ఆఫీసు వాళ్లకి చేసిపెట్టాం. పేపర్ కప్పులు, పేపర్ ప్లేట్లు ఎకో అనుకుంటారు, వాటిలోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అందుకే కారదు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు ఎలాగూ నిషేధమే, 100 మైక్రాన్లకన్నా పల్చని ఫ్లెక్సీ కూడా అందులోనే ఉంది, ఎవరు పట్టించుకుంటారులే అంటారు గానీ మీరు పెట్టేదే ఎకో టోర్నమెంట్ కదా. టెంట్ హౌస్ వాళ్ల దగ్గర స్టీల్ కంచాలు, గ్లాసులు అద్దెకు దొరుకుతాయి. కడగడానికి నీళ్లు తక్కువ ఉన్నచోటైతే మోదుగాకు విస్తర్లు తీసుకోండి, పుల్లలతో కుట్టినవి, కింద ప్లాస్టిక్ అంటించినవి కూడా అమ్ముతున్నారు తిరగేసి చూసి కొనండి. నీళ్లకి క్యాన్లు, ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోవాలి, తేనివాళ్ల టీముకి మైనస్ పెట్టండి, మర్చిపోరు.

వండేది ఒకటే కూర, ఒకటే పప్పు, పెరుగన్నం అనుకోండి, పది రకాలు పెడితే సగం పారేస్తారు. ఎంతమంది వస్తున్నారో ముందురోజు రాత్రి ఒకసారి గట్టిగా అడగండి, ఎనభై అన్నవాళ్లలో అరవై మందే వస్తారు ఎప్పుడూ. విస్తర్లు ఆవులకి వేద్దామని రోడ్డు పక్కన పడేయకండి, మసాలా మెతుకుల కోసం కోతులు చేరతాయి, అనంతగిరిలో అసలే కోతులు. ఫామ్ వాళ్లకి ఎరువు గుంట ఉందో లేదో కనుక్కుని అందులో వేయించండి.

పొలంగట్టు:
ఫామ్‌లో పెడుతున్నారు కాబట్టి ఒక మాట. కొంతమంది ఆటలా వయ్యారిభామ అనే కలుపుమొక్క పీకించే పోటీ పెడతారు, రైతుకి మేలు అనుకుని. పూతకొచ్చాక పీకితే గింజ రాలిపోద్ది, ఒక్కో మొక్కకి వేలల్లో గింజలు. దురదలూ ఆయాసం కూడా వస్తాయి కొంతమందికి. ఆఫీసు పిల్లల చేత అది చేయించకండి. చేతులకి పని కావాలంటే ఫామ్‌లో వాననీటి కాలవల్లో పేరుకున్న ఆకూ మట్టీ తీయించండి, పారలతో ఒక్కో టీముకి ఒక్కో ముక్క, ఎవరు ముందు పూర్తిచేస్తే వాళ్లు. రైతుకి ఆ పని నిజంగా కావాలి. ముందు అడిగి చేయండి.

ఆఫీస్_బకరా:
ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. ఇవాళ మా వాళ్లతో కూర్చున్నా. శనివారానికి మారింది, గుట్ట కింద ఒక ఫామ్ మాట్లాడుతున్నాం, రెండు బస్సులు. మొక్కలు, ఆకులు, టీషర్టులు తీసేశాం, టీషర్టుల దగ్గర మా మేనేజర్ కొంచెం అలిగాడు, లోగో కనపడాలంట, బట్ట బ్యానర్ మీద రాయిస్తామని ఒప్పించాం. నలుగురేసి చొప్పున ఇరవై టీములు. పొద్దున పిట్టలూ మొక్కల ఫోటో ఛాలెంజ్, తర్వాత మ్యాపు ఆట ఫామ్ లోపలే, భోజనం అయ్యాక గుడి దారి పక్కన చెత్త ఏరడం, దానికి అక్కడివాళ్లని అడిగి పెట్టుకుంటాం.

రెండు డౌట్లు. ఫోటోలు ఆ రోజే ఎవరు చూసి తేలుస్తారు, యాప్ చెప్పింది నమ్మొచ్చా? ఏరిన చెత్త చివరికి ఎక్కడ దింపాలి?

పిట్టగూడు:
యాప్ మొదటి సూచన గుడ్డిగా తీసుకోవద్దు, ఇక్కడి మొక్కకి వేరే దేశం మొక్క పేరు పెట్టేసిన సందర్భాలున్నాయి. దగ్గర్లో డిగ్రీ కాలేజీ బోటనీ లెక్చరర్ ఎవరైనా దొరికితే జడ్జిగా పిలవండి, దారి ఖర్చులు, భోజనం మీవి. జాతి దాకా తేలకపోయినా ఫలానా రకం సాలీడు అని చెప్పగలిగితే సగం పాయింటు ఇచ్చేయండి, లేకపోతే సాయంత్రమంతా వాదనలే.

బురదకాళ్లు:
చెత్తకి ముందే వికారాబాద్ మున్సిపాలిటీ వాళ్లతో మాట్లాడి, గుట్ట కింద పంచాయతీ వాళ్లనీ అడిగి, వాళ్ల బండి ఏ టైంకి వస్తుందో కనుక్కోండి. సీసాలు, అట్టలు, ఇనుము విడిగా పెడితే పాత సామాన్ల అంగడివాడు తీసుకుంటాడు, వాడి దగ్గరే కాటా కూడా అరువు దొరుకుతుంది. చిప్స్, గుట్కా ప్యాకెట్లు వాడు కొనడు, అవి మాత్రం మీ బస్సులో హైదరాబాద్ తెచ్చి డ్రై వేస్ట్‌లో ఇవ్వాల్సిందే. బస్సువాడికి ఆ మాట బుక్ చేసేటప్పుడే చెప్పండి, చివర్లో చెబితే ఎక్కించుకోడు.

కొండదారి:
పంచాయతోళ్ల టీము గుడ ఒకటి పెట్టున్రి తమ్మీ. ఫామ్ ఫైనల్ అయితే ఈడ చెప్పు, నేనొచ్చి మ్యాపు గీసిస్తా, ఆ దారులన్నీ నాకు ఎరుకే.