నా అడవి భాష తెలుగుకి మారువేషం వేసినట్టుందంట, ఏం చెయ్యాల?

కొండకింది కథకుడు (తిరుపతి):
అందరికీ నమస్కారం. ఒక ఫాంటసీ నవల రాస్తా ఉన్నాను. ఇరవై రెండు అధ్యాయాలు అయినాయి. కథంతా ఒక కొండల వరసలో జరుగుతుంది. శేషాచలం చూస్తా పెరిగినోణ్ణి కాబట్టి పోలికలు తగులుతాయి గానీ ఊళ్లూ పేర్లూ అన్నీ కల్పితమే. ఆ కొండల మీద ఉండే జాతికి సొంత భాష కావాలని మూడు నెలలు కూర్చుని నాలుగొందల మాటలతో ఒక నోటుపుస్తకం నింపినాను. మా రూమ్మేటు పది పేజీలు తిప్పి "ఇది భాష కాదురా, తెలుగుకి మారువేషం" అని పక్కన పడేశాడు. నమూనా ఇదీ:

తెలుగు: నేను నిన్న అడవిలో పులిని చూశాను.
కొండ భాష: జ్రా ఖ్వాన్ మోర్తల్‌లో థుక్కిని షెర్రాను.

వాడు చెప్పేది నిజమేనా? ఇంకో నాలుగొందల మాటలు చేరిస్తే సరిపోతుందా, లేక మొదటికి పోవాలా?

రాత్రి డ్యూటీ (చిత్తూరు):
అన్నా, మా ఆఫీసుకి పైనుంచి వచ్చే సర్క్యులర్లు పంపిస్తా. చదివితే ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. రెడీమేడ్ భాష.

పలమనేరు అక్క:
తమ్ముడూ, నీ రూమ్మేటు చెప్పింది నిజమే, బాధపడొద్దు. రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడు. ఐదు మాటలకి ఐదు మాటలు, వరస కూడా అదే. "మోర్తల్‌లో" చివర మన "లో", "థుక్కిని" చివర మన "ని", "షెర్రాను" చివర మన "ఆను" అట్లే కూర్చోనుండాయి. ఐదో తరగతిలో టీచరుకి తెలియకుండా మేము ప్రతి అక్షరం ముందూ "క" చేర్చి మాట్లాడుకునేవాళ్లం. "నేను రాను" అంటే "కనేకను కరాకను". నువ్వు చేసింది కూడా ఆ క-భాషే, కాకపోతే మూడు నెలలు కష్టపడి చేసినావు. నాలుగు వేల మాటలు చేర్చినా ఇది ఇట్లాగే ఉంటుంది.

మాటలు పక్కన పెట్టి ముందు శబ్దాలు చూసుకో. సినిమా వాళ్లకి నటుడి గొంతు ఉంటుంది, నీకు అచ్చులో అక్షరం ఒక్కటే. తెలుగోడికి మాట చివర అచ్చు లేకపోతే నోరు ఆగదు. బస్‌ని బస్సు, రోడ్‌ని రోడ్డు చేసుకున్న వాళ్లం. కాబట్టి నీ కొండవాళ్ల మాటలు ఎక్కువగా ర్, ల్, న్ లాంటి పొల్లులతో ముగిసినాయంటే చాలు, ఇది మన మాట కాదని కంటికే తెలిసిపోతుంది. దానికోసం జ్రాలూ ఖ్వాలూ అక్కర్లేదు. అట్లాంటి పేరు దగ్గర పాఠకుడు రెండుసార్లు తడబడి, మూడోసారి చూపుతోనే దాటేస్తాడు. పన్నెండో పదమూడో హల్లులు ఎంచుకో. ఖ, థ లాంటి ఒత్తక్షరాలు మొత్తం తీసెయ్. "చ" వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త: "చెవి"లో ఒక రకంగా, "చలి"లో ఇంకో రకంగా పలకడం మనకి అలవాటు కదా, నీ మాటని కూడా జనం అట్లాగే చదువుకుంటారు.

తర్వాత, నీ భాషకి కొంచెం వయసు రావాల. ఈ పని చిత్తూరు వాళ్లకి తేలిక, ఎందుకంటే మా సంతలో రోజూ వినబడేదే. నేను "పాలు" అంటాను, పక్కన గంప పెట్టుకున్న కన్నడామె "హాలు" అంటుంది. మన పులి వాళ్లకి హులి, పువ్వు హూవు, పాడు హాడు. పాత కన్నడంలో మాట మొదట్లో ఉన్న ప కాలక్రమంలో హ అయిపోయింది. ఒకటీ అరా కాదు, మాట తర్వాత మాట అదే దారిలో పోయింది. మన వైపు ఇంకో మార్పు జరిగింది. వాళ్ల కివి మనకి చెవి, వాళ్ల కెరె మనకి చెరువు. ఇ, ఎ ముందున్న క మన దగ్గర చ అయింది.

నువ్వూ ఇదే చెయ్. ముందు ఒక పాత భాష పెట్టుకుని, దాంట్లోనించి రెండు ఊళ్ల మాటలు దించు. పాత భాషలో నిప్పుకి "తోకి" అనుకుందాం. రెండే రూళ్లు. ఒకటి, ఇ, ఎ ముందు క వస్తే చ అవుతుంది. రెండు, మాట చివర ఇ, ఉ ఉంటే రాలిపోతాయి. పైఊళ్లో ఒకటో రూలు ముందు నడిచింది: తోకి, తోచి, తోచ్. ఏటిగడ్డ ఊళ్లో చివరి ఇ ముందే రాలిపోయింది: తోకి, తోక్. చ చేయడానికి అక్కడ ఇ లేదు, కాబట్టి క అట్లే మిగిలింది. రూళ్లు అవే, వరస మారిందంతే. పైఊరి పిల్ల "తోచ్" అంటే ఏటిగడ్డ పిల్లలు నవ్వుతారు. నీకు ఒక సీను కూడా దొరికింది చూడు.

కొండకింది కథకుడు:
అక్కా, తోచ్, తోక్ చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మరి వ్యాకరణం? "లో", "ని" తీసేసి వాటి బదులు వేరే ముక్కలు పెడితే చాలా? మొత్తం ఎన్ని మాటలు ఉండాల?

పాత పంతులు (చంద్రగిరి):
నాయనా, ముక్క తీసి ముక్క పెడితే అది మళ్లీ మారువేషమే. మన భాష దేన్ని వేరు చేసి చూస్తుందో ముందు గమనించు. "ఇద్దరు మనుషులు" అంటాం, "రెండు ఆవులు" అంటాం. లెక్కలోనే మనిషిని విడదీస్తాం. "వాడు వచ్చాడు", "ఆవు వచ్చింది", "ఆమె వచ్చింది". ఏకవచనంలో ఆడమనిషి క్రియ ఆవు క్రియతో కలిసిపోయింది. బహువచనానికి వస్తే "ఆడవాళ్లు వచ్చారు", "ఆవులు వచ్చాయి" అని మళ్లీ విడిపోతుంది. ముప్పై రెండేళ్లు పాఠం చెప్పాను, ఆడపిల్లలు ఈ సంగతి అడిగినప్పుడల్లా సున్న చుట్టేవాణ్ణి. నీ కొండవాళ్లు ఎవరిని "ఇద్దరు" అంటారు, దేన్ని "రెండు" అంటారు? అది తేలితే సగం వ్యాకరణం తేలినట్టే.

ఇంకొకటి. మనం "వచ్చాడట" అని ట చేర్చి, విన్నదని చెబుతాం. చేర్చకపోయినా వాక్యం చెల్లుతుంది. టర్కీ భాషలో "గెల్ది" అంటే వచ్చాడు, "గెల్మిష్" అంటే వచ్చాడట. అక్కడ చూసి చెబుతున్నావా, విని చెబుతున్నావా అన్నది క్రియలోనే తేలిపోతుంది. నీ భాషలో దీన్ని కచ్చితం చేసి చూడు. అబద్ధమాడేవాడు క్రియ చివర దొరికిపోతాడు.

వాక్యంలో వరస కూడా మార్చుకోవచ్చు. స్టార్ ట్రెక్ సినిమాల్లో గ్రహాంతరవాసులు మాట్లాడే క్లింగాన్ భాషను పెంచిన మార్క్ ఒక్రాండ్ కర్మను ముందు, క్రియను మధ్యలో, కర్తను చివర పెట్టాడు. అంటే "పులిని చూశాను నేను". మనుషుల భాషల్లో ఇది చాలా అరుదు, గ్రహాంతరవాసుల నోట వింతగా ఉండాలనే ఆ వరస ఎంచుకున్నాడు. నీవాళ్లు మనుషులే కాబట్టి అంత దూరం పోనక్కర్లేదు.

ఎన్ని మాటలంటావా? 2015లో వచ్చిన బాహుబలిలో కాలకేయుల కిలికి భాషకి మదన్ కార్కీ సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు చేశాడు. "మిన్" అంటే నేను, "నిమ్" అంటే నువ్వు. శబ్దం తిరగేస్తే అర్థం తిరగబడుతుంది. సూత్రం ఇట్లా చేతిలో ఉంటే మాటలు వాటంతటవే పుడతాయి. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్ దారి వేరు. ఫిన్నిష్ వినసొంపుతో క్వెన్యా, వెల్ష్ పోకడతో సిందారిన్ అల్లుకుని, ఆ భాషలు బతకడానికి చోటు కావాలని కథలు రాశానన్నాడు. 1973లో పోయేదాకా వాటిని దిద్దుతూనే ఉన్నాడు. నువ్వు నవల ముగించాలనుకుంటే ఆ దారి తొక్కకు. పుస్తకంలో అచ్చయ్యేవి ముప్పై నలభై వాక్యాలకి మించవు. వాటికి సరిపడా చేసుకో.

రాత్రి డ్యూటీ:
ఇంత తలనొప్పి ఎందుకు పంతులూ? ఎరుకల వాళ్ల భాష మన పక్కనే ఉంది కదా. నాలుగు మాటలు ఎత్తుకొచ్చి పెడితే ఎవడికి తెలుస్తుంది?

పలమనేరు అక్క:
ఆ మాటలు ఇంట్లో మాట్లాడుకునే వాళ్లకి తెలుస్తుంది. వాళ్ల పిల్లలూ నవలలు చదువుతారు. నువ్వేమో ఆ మాటలు అడవిలో విషం బాణాలు వేసేవాళ్ల నోట్లో పెడతానంటావు. వద్దు. కల్పితమంటే పూర్తిగా కల్పితమే ఉండాల.

తమ్ముడూ, ఇంకో జాగ్రత్త. నేను కాలేజీ రోజుల్లో ఒక కథ రాసినా. అందకత్తెలో ఉండే "కత్తె" ముద్దుగా ఉందని రాణికి అదే పేరు పెట్టినా. నా భాషలో దానికి "వెన్నెల" అని అర్థం. హాస్టల్లో బంగారుపేట అమ్మాయికి చదివి వినిపిస్తే, మంచం మీంచి కిందపడి నవ్వింది. కన్నడంలో కత్తె అంటే గాడిద. "గాడిద మహారాణి సింహాసనం మీద వాలింది" దగ్గర నా కథ ఆగిపోయింది. కాబట్టి ప్రతి పేరునీ తెలుగు, కన్నడం, తమిళం మూడు భాషలోళ్లకీ వినిపించు. తిరుపతిలో ఉండావు, మనుషులకి కరువా! కొండమీద క్యూలో కూర్చున్నా పనైపోతుంది.

అర్థాలు బ్రాకెట్లో పెట్టొద్దు, అధోజ్ఞాపికలు అసలే వద్దు. ముసలామె చలికి చేతులు చాపి "తోచ్, తోచ్" అంటే, మనవడు పుల్లలు ఎగదోస్తాడు. అంతే, అర్థమైపోయింది. ఆ మాట ఇంకో రెండు అధ్యాయాల్లో కనబడితే పాఠకుడు దాన్ని మర్చిపోడు.

కొండకింది కథకుడు (నాలుగు రోజుల తర్వాత):
పాత నోటుపుస్తకం అటక మీదికి పోయింది. హల్లులు పదమూడు. అక్క చెప్పిన రెండు రూళ్లకి తోడు, పైఊళ్లో మాట మొదట ప ఉంటే హ అవుతుంది. పంతులుగారి ప్రశ్న మీద రెండు రోజులు కూర్చున్నా. మావాళ్లు చెట్లని "ఇద్దరు" అంటారు. నరికేసిన మానులని "రెండు" అంటారు. "వోన్ బడల్" అంటే ఇద్దరు చెట్లు, "వోత్ బడల్" అంటే రెండు దుంగలు. దుంగల కోసం కింద నుంచి వచ్చిన వ్యాపారి భాష బాగానే నేర్చుకుంటాడు గానీ, నిలబడి ఉన్న చెట్లు చూపించి "వోత్" అనేస్తాడు. ఊరంతా లేచి నిలబడుతుంది. ఆ సీను రాసేశా.

పైఊరి మాటలు కొన్ని: తోచ్ (నిప్పు), బడల్ (చెట్టు), హిర్ (దారి), నెసల్ (నీళ్లు), హెణ (దీవెన). పెళ్లిలో పెద్దలందరూ అక్షింతలు వేస్తా "హెణ, హెణ" అంటారు.

పాత పంతులు:
నాయనా, చెట్ల సంగతి బాగు. వ్యాపారి నోట ఆ త్ ఒక్కసారే రానివ్వు, వివరించకు.

పలమనేరు అక్క:
తమ్ముడూ, పెళ్లి సీను ఎవరికీ చూపించలేదు కదా? కన్నడంలో హెణ అంటే శవం. తమిళంలో పిణం, మనకి పీనుగు, వాళ్లకి హెణ. నీ ప-హ రూలు అచ్చం కన్నడంలో నడిచినట్టే నడిచి, తిన్నగా పీనుగు దగ్గరికి తీసుకుపోయింది.

కొండకింది కథకుడు:
అక్కా, మార్చేశా. "హొరల్". ఇదేం లేదు కదా?

పలమనేరు అక్క:
నాకు తెలిసి ఏం లేదు. మా అత్తది ముళబాగిలు, అడిగి సాయంత్రం చెప్తా. అందాకా పెళ్లి ఆపు.